సొంత ఆలోచనలను నలుగురి ముందు పెట్టడానికి కలిగే సంకోచం: దాటవలసినదా, మన్నించవలసినదా?

చిత్తుప్రతి (చర్చను ప్రారంభించినవారు):

ఆరేళ్లుగా నాలో నేను రాసుకున్నవి చాలానే పోగయ్యాయి. నాన్న పోయిన తరువాతి రోజుల గురించి, ఉద్యోగంలో మనసొప్పని పనికి తలవంచినప్పుడు కలిగిన చిన్నతనం గురించి, ఒకప్పుడు పట్టుబట్టి వాదించి తరువాత విడిచిపెట్టిన అభిప్రాయాల గురించి రాశాను. వాటిలో ఒక్కటి కూడా బయటపెట్టలేదు. పెట్టబోయిన ప్రతిసారీ ‘నీ గోడు ఎవరికి కావాలి’ అన్న మాట లోపలినుంచే వినిపిస్తుంది. బెరుకు వదిలించుకోమని మిత్రులు అంటారు. ఆ బెరుకే నన్ను కాపాడుతున్న వివేకమేమోనని నా అనుమానం. కథలు, కవితల సంగతి నేను అడగడం లేదు. కల్పన అనే తెర లేకుండా ‘నేను’ అని మొదలయ్యే రాతల గురించే అడుగుతున్నాను.

గోడగడియారం:

దాటవలసినదే, ఎందుకంటే ఆ సంకోచం తప్పుడు లెక్క మీద నిలబడి ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి టీషర్టును విద్యార్థులకు తొడిగి, అప్పటికే కొందరు కూర్చుని ఉన్న గదిలోకి పంపారు. చొక్కా మీద ఉన్నది ఎవరి బొమ్మో గదిలోని వారిలో దాదాపు సగం మంది గుర్తించి ఉంటారని ఆ విద్యార్థులు అనుకున్నారు. తీరా అడిగి చూస్తే గుర్తించినవారు అందులో సగమే. మన రాతను చూసి లోకమంతా నవ్వుతుందని మనం భయపడుతున్న వేళకు, ఆ లోకం తన రాతను చూసి ఎవరు నవ్వుతారోనన్న బెంగలో ఉంటుంది.

నిదానం:

గడియారం గారూ, టీషర్టును సాయంత్రం విప్పి మడతపెట్టవచ్చు; రాతకు ఆ సౌకర్యం లేదు. స్పెయిన్ దేశస్థుడొకరి అప్పుల కారణంగా ఆయన ఆస్తిని వేలం వేస్తున్నట్టు 1998లో ఒక పత్రికలో ప్రకటన వచ్చింది. బాకీ తీరి ఏళ్లు గడిచినా గూగుల్‌లో ఆయన పేరు వెతికితే అదే కనిపిస్తూండడంతో ఆయన ఫిర్యాదు చేశారు, ఆ వివాదం చివరికి ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. 2014లో వచ్చిన తీర్పు ఆయనకు అనుకూలమే అయినా, దాని ప్రభావం పేరుతో వెతికినప్పుడు వచ్చే ఫలితాల వరకే. పైగా ఆ వ్యాజ్యం పుణ్యమా అని, ఎవరూ పట్టించుకోని ఆ పాత బాకీ సంగతి దేశదేశాలకు తెలిసిపోయింది. అది ఆయన రాసుకున్నది కాదు కదా అంటారేమో. స్వయంగా రాసి ఇచ్చినవారి పరిస్థితి ఇంకా బలహీనమని నా ఉద్దేశం.

అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. మనం తల్లితో మాట్లాడే తీరు వేరు, పై అధికారితో వేరు, చిన్ననాటి స్నేహితుడితో వేరు. దీనిని కపటమనలేము, ఎదుటివారిని బట్టి మాటను ఎంచుకునే మర్యాద ఇది. బహిరంగంగా పెట్టిన రాతను ఈ ముగ్గురూ ఒకేసారి చదువుతారు. స్నేహితుడి కోసం రాసిన వాక్యం అధికారి కంట పడినప్పుడు అక్కడ మారేది అర్థమే. అందుచేత ఇబ్బందిగా అనిపించడం సహజమే కాదు, సబబు కూడా.

పాతసిరా:

మీరిద్దరూ రాయడాన్నీ ప్రచురించడాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారని నాకు అనిపిస్తోంది. మనస్తత్వశాస్త్ర పరిశోధకులు జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు తమ జీవితంలోని అతి బాధాకరమైన అనుభవాలను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. జరిగినదీ దాని పట్ల తమ మనసులో ఉన్నదీ కలిపి రాసినవారికి ఆ వెంటనే మనసు మరింత భారమైంది, కాని తరువాతి నెలల్లో వారు వైద్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ కాగితాలను ఎవరూ ప్రచురించలేదు. కాబట్టి ‘గుండె బరువు దింపుకోవడానికి’ అన్నది ప్రచురణకు కారణం కాలేదు. ఆ బరువు సొరుగులో పెట్టిన కాగితం మీదనే దిగుతుంది.

మరి ప్రచురణ ఇచ్చేది ఏమిటి? నా మట్టుకు అది ఇచ్చేది జవాబుదారీతనం. నా కోసం రాసుకున్నప్పుడు ‘ఆ రోజు వాడు అలా అన్నాడు’ అని దాటేస్తాను. నన్నెరుగని పాఠకుడి కోసం రాసేటప్పుడు వాడెవడో, ఏమన్నాడో, అంతకు ముందు నేను ఏమన్నానో చెప్పక తప్పదు. అక్కడ సగం సార్లు నా కోపం కాగితం మీద నిలబడదు. బెరుకు మరీ ఎక్కువగా ఉంటే మారుపేరు ఉండనే ఉంది. రచయిత్రులను చిన్నచూపు చూస్తారన్న శంకతో ఇంగ్లండు నవలాకారిణులైన బ్రాంటీ సోదరీమణులు ముగ్గురూ తమ తొలి కవితా సంపుటిని 1846లో ‘బెల్’ అన్న మారు ఇంటిపేరుతో వెలువరించారు. మొదటి ఏడాదిలో అమ్ముడైనవి రెండే ప్రతులు! దాగవలసినంత జనం అక్కడ లేనే లేరు.

గోడగడియారం:

మారుపేరుతో నాకు పేచీ ఉంది. ముసుగు భయాన్ని తీసేటప్పుడు దానితో పాటు నిగ్రహాన్ని కూడా కొంత తీసేస్తుంది, సొంత పేరుతో అనని మాటలు అనిపిస్తుంది. నిదానం గారి అభ్యంతరాలు చదివాక ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: నేను నా పరువు లెక్క ఒక్కటే వేశాను, నా రాతలోకి వచ్చే మిగతావారి లెక్క వేయలేదు.

నిదానం:

నేను పట్టుబట్టేది సరిగ్గా అక్కడే. ‘నా అనుభవం నా సొత్తు’ అంటాము గాని, అన్నదమ్ముల తగాదాలో, విడాకుల్లో, చివరి రోజుల సేవలో ఒక్కరి అనుభవమంటూ ఏదీ ఉండదు. రాసేవారికి కలం ఉంది, రాయబడినవారికి లేదు.

చిత్తుప్రతి:

మీ మాటలు చదివాక కాగితాలన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటి బయటపడితే ఎవరికి నొప్పి అని చూసుకుంటూ వచ్చాను. ఉద్యోగం గురించిన రాతలో తలవంచింది నేనే, నవ్వితే నవ్వేది నన్నే. దానిని ఈ వారమే సొంత పేరుతో బయటపెడుతున్నాను. మారిన అభిప్రాయాల రాతలకు కూడా అడ్డేమీ కనబడలేదు, పాత మాటలు ఎత్తిచూపేవారికి నేనే ముందుగా ఎత్తిచూపినట్టవుతుంది.

నాన్న గురించిన రాతను మాత్రం అక్కయ్యకు పంపాను. ఆసుపత్రిలో చివరి రాత్రి తను నాన్నతో అన్న మాట ఉన్న పేరా తీసేయమంది, మిగతాది నీ ఇష్టం అంది. తీసేసి చదివాను, రాత కుంటుతోంది, ఎందుకంటే మొత్తం అంతా ఆ మాట కోసమే రాశాను. పాతసిరా గారు చెప్పిన మారుపేరు ఇక్కడ పనికిరాదు, చుట్టాలలో ఆ మాట ఎవరిదో తెలియనివారు లేరు. అక్కయ్య మనసు మారితే చూస్తాను. మారకపోతే అది నా దగ్గరే ఉంటుంది.