లైసెన్సు సర్వేయర్ గీసిన పటానికి ఎంత విలువ ఇవ్వాలి?

దేవరకొండ రైతు:
తెలంగాణలో భూముల రికార్డుల కోసం తెచ్చిన భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం చెప్పిన రోజు నుంచి రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలని అందులో ఉంది. ఇప్పుడు ఆ కొలతలకు లైసెన్సు సర్వేయర్లను, అంటే ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన ప్రైవేటు వాళ్లను దింపుతున్నారు. వాళ్లకు డబ్బులిచ్చేది దరఖాస్తుదారు. కూలి ఇచ్చినవాడి వైపు టేపు వంగదని నమ్మకమేంటి?

పాలమూరు సివిల్:
అన్నా, మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిపించే) దరఖాస్తు పెట్టి మండల సర్వేయర్ కోసం నెలల తరబడి తిరిగినోళ్లను అడగండి. టేపు, గొలుసు రోజులు పోయాయి. ఇప్పుడు డీజీపీఎస్, రోవర్, అంటే ఉపగ్రహాల సాయంతో కొలిచే మెషీన్లు. మెషీన్ అబద్ధం చెప్పదు. ఇంకో మాట, అది కూలి కాదు, ఫీజు. లాయర్‌కు ఇవ్వట్లేదా?

దేవరకొండ రైతు:
లాయర్ అవతలివాడికీ ఉంటాడు, తీర్పు జడ్జి ఇస్తాడు. హద్దు ఇద్దరిది, సర్వేయర్ ఒక్కడి మనిషి. మెషీన్ సంగతా? మా దగ్గర మూడు సర్వే నంబర్లు కలిసేచోట రాయి లేదు. ఒకాయన బోరు దగ్గరి రాయి నుంచి మొదలుపెడితే మాకు మూడు గుంటలు తగ్గింది. ఇంకొకాయన బాట పక్క రాయి పట్టుకుంటే గుంటన్నర పెరిగింది.

హాలియా శ్రీను:
ముందు టిప్పన్, అదే పాత సర్వే కొలతల పటం, దొరికిందా?

మక్తల్ కుర్రోడు:
మద్దూరు వాళ్లెవరైనా ఉన్నారా? భూ భారతిని ముందుగా పెట్టి చూసిన పైలట్ మండలం కదా, అక్కడెట్లుంది?

కల్వకుర్తి వకీలు:
1923 నాటి సర్వే, హద్దుల చట్టం ఉండనే ఉంది. పక్క రైతులకు నోటీసు ఇవ్వాలి. హద్దు తేల్చింది నచ్చకపోతే అప్పీలు, ఆపై మూడేళ్లలోపు సివిల్ కోర్టు.

దేవరకొండ రైతు:
నోటీసా? పంచనామాలో నా సంతకం లేకుండానే నా గట్టు మీద సున్నం పోసి పోయారు సార్.

పాలమూరు సివిల్:
కూలి అన్నమాట ఇంకా వెనక్కి తీసుకోలేదు మీరు. నేనూ ఆ లైసెన్సు సర్వేయర్ ట్రైనింగ్ తీసుకున్నవాణ్నే. సూటిగా చెప్పండి, పాసుబుక్కులో ఉన్నదానికంటే ఎక్కువ దున్నుతున్నారు కాబట్టే కదా ఈ టెన్షన్?

దేవరకొండ రైతు:
ఔను, ఎక్కువే దున్నుతున్నాం. మా నాయన సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం రాత మీద కొన్నాడు. అమ్మినాయన గట్లు చూపించి ఇచ్చాడు. కాగితం మీద ఎకరం పది గుంటలు, గట్ల నడుమ ఎకరం పాతిక గుంటలు. అప్పుడు కొలిచిందెవరు? ఇప్పుడు పాసుబుక్కు పట్టుకుని కొలిస్తే ఆ పదిహేను గుంటలు ఎవరికి పోతాయి?

పాలమూరు సివిల్:
కబ్జా చూసి కొలిస్తే గట్టు జరిపినవాడిదే రాజ్యం. మా పెద్దనాయన దున్నినప్పుడల్లా ఒక సాలు మా వైపు తిన్నాడు. నాన్న గొడవెందుకని ఊరుకున్నాడు. ఇప్పుడు మా చెలకలో ట్రాక్టర్ తిరగదు. నేను లైసెన్సుకు పోయిందే అందుకు.

హాలియా శ్రీను:
ఆ పెద్దనాయన చేను నువ్వే కొలుస్తావా ఏంది?

కల్వకుర్తి వకీలు:
అదే అసలు లోటు. సొంతవాళ్ల భూమి కొలవకూడదని గట్టి నియమం కావాలి. తప్పు కొలిస్తే లైసెన్సు పోవడంతో సరిపోదు, నష్టం కూడా కట్టించాలి. ఇంకోటి, భూమి ఎవరిదో తేల్చే పని సర్వేయర్‌ది కాదు. గట్టు గీత, టిప్పన్ గీత రెండూ పటంలో చూపాలి. తేడా సంగతి తహసీల్దార్ చూడాలి.

దేవరకొండ రైతు:
రెండు గీతలూ గీస్తే సంతకం పెడతా. ఒక్కటే గీస్తే పెట్టను.

పాలమూరు సివిల్:
రెండు గీతల పటం తీసుకుపోతే రిజిస్ట్రేషన్ ఎవరు చేస్తారన్నా?