మోకాలి అరుగుదల ముదురుతుందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుందా?

పలాస కోడలు: మా అత్తగారు ఏళ్ల తరబడి జీడి ఫ్యాక్టరీలో నేలమీద కూర్చుని పిక్కలు ఒలిచారు. ఇప్పుడు గోడ పట్టుకుంటే గానీ మెట్లు దిగలేరు. ఎక్స్‌రేలో రెండో గ్రేడు అన్నారు. అరుగుదల వస్తుందని ఎనిమిదేళ్ల ముందే చెప్పే రక్తపరీక్ష వచ్చిందని వాట్సాప్‌లో చూశాను. ఇక్కడ ఎవరైనా చేయించారా?

బొబ్బిలి మాస్టారు: మా ఆవిడకి ఒక ల్యాబ్‌లో కీళ్ల ప్యాకేజీ అని ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్ అన్నీ చేశారు. అన్నీ నార్మలే. అవి కీళ్లవాతమో గౌటో కాదని తేల్చుకోవడానికేనట. అరుగుదల రేపు ఎంత పెరుగుతుందో వాటిలో కనబడదని ఎముకల డాక్టరు చెప్పాక తెలిసింది.

బయోకెమిస్ట్రీ, విజయనగరం: మీకొచ్చిన మెసేజ్ బహుశా 2024లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం గురించి. బ్రిటన్‌లో 200 మంది మహిళల రక్తం చూశారు. అది జబ్బు మొదలవడం గురించి. మీ అత్తగారికి ఇప్పటికే మొదలైంది కాబట్టి మీ ప్రశ్న వేరు, అది ఇంకా ముదురుతుందా అని. దానికి ఎక్కువగా చూస్తున్నది మూత్రంలో సీటీఎక్స్-2. కీలులోని మెత్తటి ఎముక అరిగినప్పుడు అందులోని కొల్లాజెన్ ముక్కలు మూత్రంలోకి వస్తాయి. 600 మందిని నాలుగేళ్లు గమనిస్తే, అవి ఎక్కువున్నవాళ్లలో జబ్బు ముదిరే అవకాశం కొంత ఎక్కువని తేలింది. ఆ ‘కొంత’తో ఒక మనిషికి ఇలాగే అవుతుందని చెప్పలేం. మామూలు వైద్యంలోకి ఆ పరీక్ష ఇంకా రాలేదు. దాని పేరుతో ఎవరైనా డబ్బడిగితే కట్టకండి.

సోంపేట: అమ్మా, ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. మన ఉద్దానంలో మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్ మింగేవాళ్లు ఇంటికొకరున్నారు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఆ మాత్ర ఎంత ప్రమాదమో మా ఇంట్లో చూశాం. మా నాన్నగారికి డాక్టరు మాత్రలు మాన్పించి పూతమందు రాశారు, తొడ కండకి వ్యాయామం చెప్పారు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించాలి.

పలాస కోడలు: మాత్రలు ఈవిడా వాడుతున్నారండీ, క్రియాటినిన్ ఎప్పుడూ చేయించలేదు. సోమవారమే తీసుకెళ్తాను. కుర్చీలో కూర్చోమంటే ఒప్పుకోరు, నేలమీద చేయించొచ్చా?

సోంపేట: నేలమీద వద్దమ్మా, లేచేటప్పుడే మోకాలిమీద బరువంతా పడుతుంది. మంచంమీద పడుకోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి కిందికి నొక్కమనండి.