పదేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్‌కు పాయింట్ల పట్టిక అవసరమా?

గడ్డిమైదానం (చర్చ మొదలుపెట్టినవారు):
ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు చాలాకాలంగా ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఈ సీజన్ నుంచి పాయింట్ల పట్టిక తీసేశాం. పెద్ద మైదానాన్ని ముక్కలు చేసి, జట్టుకు నలుగురు చొప్పున, గోల్‌కీపర్ లేకుండా ఆడిస్తున్నాం. తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది నచ్చలేదు. ‘గెలుపోటములు లేనిది ఆట ఎలా అవుతుంది?’ అని అడుగుతున్నారు.

నా కారణం చెబుతాను. పదకొండు మందితో ఆడించిన రోజుల్లో ఒక అమ్మాయిని కుడివైపు డిఫెండర్‌గా నిలబెట్టేవాళ్లం. ఒక మ్యాచ్‌లో ఆమెనే గమనిస్తూ కూర్చున్నాను. ఆట ముగిసేసరికి ఆమె బంతిని తాకిన సందర్భాలు ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. మిగతా సమయమంతా గడ్డి పీకుతూ నిలబడింది. తప్పు ఆ పిల్లది కాదు, ఆమెను అక్కడ నిలబెట్టిన మాది.

ఇంకో మాట. పెద్దల గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఎనిమిదేళ్ల పిల్లల ఎత్తు దాదాపు అందులో సగం. గోల్‌కీపర్‌గా నిలబడ్డ పిల్ల తల మీదుగా బంతిని లేపితే చాలు, గోలే. ఆ గోల్ ముందు ఆడే పిల్లలకు పాస్ ఎందుకు, బంతిని కాళ్లతో నడిపించుకుంటూ వెళ్లే డ్రిబ్లింగ్ ఎందుకు? బలంగా పైకి తన్నడం ఒక్కటే వాళ్లకు వంటబడుతుంది.

పాతగోల్‌కీపర్:
మైదానం చిన్నది చేయడం మీద నాకు పేచీ లేదు. అమెరికా సాకర్ సమాఖ్య 2017 నుంచి అదే నియమం పెట్టింది: ఎనిమిదేళ్ల వరకు నలుగురు, పదేళ్ల వరకు ఏడుగురు, పన్నెండేళ్ల వరకు తొమ్మిది మంది, ఆ తర్వాతే పదకొండు మంది. బంతి పరిమాణం కూడా ఆ వయసును బట్టే పెరుగుతుంది: చిన్నదైన మూడో నంబరు, తర్వాత నాలుగు, చివరికి పెద్దల అయిదో నంబరు. ఇదంతా సబబే.

నా అభ్యంతరం పట్టిక తీసేయడం మీద. ఓటమిని పిల్లల కంటపడకుండా దాచితే, పదమూడేళ్లకు అది ఒక్కసారిగా మీద పడుతుంది. తట్టుకోలేక ఆటే మానేసిన పిల్లలను చూశాను. జర్మనీలో ఇలాంటి మార్పులు తెచ్చినప్పుడు, ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం ఉపాధ్యక్షుడిగా ఉన్న హన్స్ యోఆకిమ్ వాట్స్కే స్వయంగా 2023లో బహిరంగంగా వ్యతిరేకించారు. ఇది అనుభవం లేనివాళ్ల గొణుగుడు కాదు. పైగా గోల్‌కీపర్ లేకుండా ఆడిస్తే రేపటి గోల్‌కీపర్ ఎక్కడినుంచి వస్తాడు?

రెండోసగం_అమ్మ:
పట్టిక ఏం చేస్తుందో మా ఇంట్లో చూశాం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. సీజన్ చివరి మ్యాచ్ గెలిస్తే జట్టు మొదటి స్థానం. ఆ రోజు వాడు మొదటి నుంచి చివరి దాకా బెంచీ మీదే ఉన్నాడు. జట్టు గెలిచింది. ఇంటికి వచ్చాక బూట్లు విప్పుకుంటూ, ‘నేను ఆడితే ఓడిపోయేవాళ్లమా అమ్మా?’ అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ కోచ్ చెడ్డవారు కాదు. మామూలు రోజుల్లో అందరినీ ఆడించేవారు.

గడ్డిమైదానం:
అమ్మగారూ, నేను చెప్పాలనుకున్నది మీరు చెప్పేశారు. మంచి కోచ్ చేత కూడా పట్టిక అలాంటి పని చేయిస్తుంది.

పాతగోల్‌కీపర్ గారూ, ఓటమిని ఎవరూ దాచడం లేదు. స్కోరు ఎంతో పిల్లలను అడిగి చూడండి, ప్రతి ఒక్కరూ చెబుతారు, గోలు ఎవరు వేశారో కూడా చెబుతారు. పట్టికను గోడకు అంటించుకునేది మనమే. అది ఉన్నచోట చురుకైన ముగ్గురు ఆట అంతా ఆడతారు, పొడుగ్గా ఉన్నవాడు ఎప్పుడూ వెనకే నిలబడతాడు, ఆలస్యంగా ఎదిగేవాళ్లు పక్కకు పోతారు. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్ అకాడమీ ఒక్క సీజన్ ఉంచుకుని వదిలేసిన చిన్న పిల్లవాడే, తర్వాత ఇంగ్లండ్ స్టార్ ఆటగాడైన హ్యారీ కేన్. ఆ వయసులో ఎవరు ఏమవుతారో పెద్ద క్లబ్బులకే తెలియలేదు, మనకెలా తెలుస్తుంది?

నార్వేలో పిల్లల క్రీడలకు 1987 నుంచే ప్రత్యేక నియమాలున్నాయి. అక్కడ పిల్లలకు పదకొండో ఏడు వచ్చేదాకా పట్టికలు, ర్యాంకులు ఉండవు. గోల్స్ వేయడంలో పేరుమోసిన నార్వే ఆటగాడు ఎర్లింగ్ హాలండ్ ఎదిగింది ఆ వ్యవస్థలోనే. పట్టిక లేకపోవడం వల్లే అతడు అంతవాడయ్యాడని నేను అనను. పట్టిక లేకపోతే పోటీతత్వం చచ్చిపోతుందన్న వాదనకు మాత్రం అతడే జవాబు.

అండర్‌టెన్_నాన్న:
మీరందరూ వెనకబడిన పిల్లల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయి తోటివాళ్లకంటే చాలా ముందుంది. నలుగురి ఆటలో వరుసగా గోల్స్ కొట్టి, పది నిమిషాలకే విసుగెత్తి కూర్చుంటోంది. ఆమెకు సాటివాళ్లు దొరకాలి. పట్టిక ఉంటే కనీసం బలమైన జట్టు ఏదో తెలిసేది.

గడ్డిమైదానం:
ఇది న్యాయమైన ప్రశ్న. జర్మనీలో 2024–25 సీజన్ నుంచి తప్పనిసరి చేసిన పద్ధతిలో దీనికి మంచి ఉపాయం ఉంది. ఒకే రోజు చిన్న మైదానాలు వరుసగా వేస్తారు. చిన్న పిల్లలకైతే ఇద్దరో ముగ్గురో చొప్పున జట్లు, మైదానానికి నాలుగు చిట్టి గోల్‌పోస్టులు. ఒక్కో ఆట కొద్ది నిమిషాలే. గెలిచిన జట్టు పక్కనున్న పై మైదానానికి, ఓడిన జట్టు కింది మైదానానికి జరుగుతాయి. రెండుమూడు ఆటలయ్యేసరికి సమానులు సమానులకు ఎదురవుతారు. మీ అమ్మాయికి గట్టి పోటీ దొరుకుతుంది, బెదురుతూ ఆడే పిల్లలకూ గోలు వేసే అవకాశం వస్తుంది.

పాతగోల్‌కీపర్:
ఈ మెట్ల పద్ధతి నాకు తెలియదు. ఇందులో ప్రతి ఆటకూ గెలుపు ఉంది, ఓటమి ఉంది, కాకపోతే వచ్చే వారానికి మోసుకెళ్లే లెక్క లేదు. అలాగైతే ఎనిమిదేళ్లలోపు వారికి పట్టిక వద్దనే మాట ఒప్పుకుంటాను. తొమ్మిది, పదేళ్ల వారి విషయంలో ఇంకా ఒప్పుకోను.

గోల్‌కీపర్ మాట మాత్రం వదలను. ఏడుగురి ఆట మొదలైన రోజునుంచి గోల్ ముందు ఒకరుండాలి, వంతులవారీగా అందరూ నిలబడాలి. నేను ఏడేళ్లకే గోల్‌లోకి వెళ్లాను. కాలితో పాస్ ఇవ్వడం సరిగ్గా రాకపోవడం నన్ను చివరిదాకా వెంటాడింది. కాబట్టి ఎవరినీ ఒక్కచోటే కట్టేయకండి.

రెండోసగం_అమ్మ:
బంతిని తలతో కొట్టడం గురించి ఎవరూ ఎత్తలేదు. మీ దగ్గర నేర్పుతారా?

గడ్డిమైదానం:
నేర్పను. అమెరికాలో 2015లోనే పదేళ్లు, అంతకంటే చిన్నవారికి వద్దన్నారు, పదకొండు నుంచి పదమూడేళ్ల వారికి సాధనలో పరిమితి పెట్టారు. చిన్న గోల్‌పోస్టులు, నేలబారు పాస్‌లు ఉన్న ఆటలో బంతి తలదాకా లేవడమే తక్కువ.

అండర్‌టెన్_నాన్న:
ఈ వారాంతం మెట్ల పద్ధతి పెడితే మా అమ్మాయిని తీసుకొస్తాను. పై మైదానంలో కూడా విసుగెత్తితే మళ్లీ ఇక్కడికే వచ్చి వాదిస్తాను.

గడ్డిమైదానం:
తప్పకుండా రండి. ఆరు మైదానాలు గీస్తున్నాం. హద్దులకు పెట్టే శంకువులు (కోన్‌లు) తక్కువ పడుతున్నాయి, మీ దగ్గరుంటే తీసుకురండి.