సీమ బీళ్లలో ల్యాండ్‌స్కేప్ ఫోటోలు: ఏ కాలంలో ఏం తీయాలి, ఎలా తీయాలి?

కర్నూలు_క్లిక్స్
ఏపీఎస్-సి (చిన్న సెన్సారు) కెమెరా, 18-55, 55-250 మి.మీ. లెన్సులు, ఒక మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. నందికొట్కూరు వైపు రేగడి చేలు, అటు ఆలూరు నుంచి ఉరవకొండ దాకా ఎర్రనేలలు, బీళ్లు ఏడాది పొడవునా తీయాలని ఉంది. కంటికి అంత విశాలంగా కనిపించే బయలు ఫోటోలో సగం తెల్లటి ఆకాశం, సగం మట్టిగా తేలిపోతోంది. పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) కొంటే తీరుతుందా? ఏ నెలలో ఏం దొరుకుతుందో కూడా చెప్పండన్నా.

రేగడి_చాళ్లు
ముందు నిలబడే చోటు మార్చండి, పోలరైజర్ సంగతి తర్వాత. చదును నేలమీద నిలబడి 18లో తీస్తే పొలమంతా సన్నటి పట్టీలా నలిగిపోతుంది. చెరువు కట్టో గుట్టో ఎక్కి, పెద్ద లెన్సు 150 దాటించండి. చాళ్లు, గట్లు, బండి బాట దగ్గరికి జరిగి ఒకదానిపై ఒకటి పేర్చినట్టు వస్తాయి. ఆకాశం అక్కర్లేకపోతే పూర్తిగా కోసేయొచ్చు. ఒక్క చిక్కుంది: 200లో ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) పెట్టి 180 మీటర్ల దూరానికి ఫోకస్ చేసినా, 90 మీటర్ల లోపలున్నది మసకే. ముందు గడ్డిపోచలు అడ్డం రాకుండా చూసుకోండి.

18లోనే తీయాలంటే మోకాలి ఎత్తుకు దిగండి. ఎఫ్/8, రెండు మీటర్లకు ఫోకస్. మీటరు దూరంలోని జొన్నకంకి నుంచి దూరపు కొండ దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దాటిస్తే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల అంతా మెత్తబడుతుంది.

పోలరైజర్ పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశం మీద. 18లో వాడితే ఒక మూల ముదురు, ఒక మూల పాలిపోయి అసహ్యంగా ఉంటుంది. వేసవి దుమ్ము తెలుపును అది పెద్దగా తీయలేదు. వాన వెలిసిన మర్నాడు చూడండి దాని పని.

అనంత_గాలిమర
మనది వానచాటు ప్రాంతం కదా, జూన్, జూలైలో వానకన్నా గాలే ఎక్కువ. తునకలు తునకలుగా మబ్బులు పరుగెత్తుతుంటాయి, నేలమీద ఎండ మచ్చలు కదులుతుంటాయి. ఫ్రేము కట్టుకుని, మచ్చ మీ చెట్టు మీదికో గుట్ట మీదికో వచ్చేదాకా ఆగండి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు నీడను చూసి మోసపోతుంది, అందుకే ఎక్స్‌పోజర్ -0.7 నుంచి -1 దాకా తగ్గించండి. ఊగే గడ్డికి షట్టర్ వేగం 1/250 సెకనుకు తగ్గొద్దు, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు స్పందన) 400 పెట్టినా నష్టం లేదు.

ఉరవకొండ, రామగిరి గాలిమరలను పట్టపగలు మామూలుగా తీస్తే రెక్కలు ఆగిపోయినట్టు పడతాయి. 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును 64 రెట్లు తగ్గించే నల్లద్దం), ఐఎస్ఓ 100, ఎఫ్/11 అంటే ఎండలో సుమారు 1/3 సెకను వస్తుంది, తిరుగుడు తెలుస్తుంది. ఆ గాలికి ట్రైపాడ్ మధ్య కొక్కేనికి బ్యాగు తగిలించాల్సిందే.

సెప్టెంబర్, అక్టోబర్ ఉరుము మబ్బులవి. నవంబర్‌లో బీడు గడ్డి పండుతుంది, వెనక నుంచి వెలుగు పడేలా నిలబడండి. జనవరిలో పొద్దు పొడిచేది 6:45 దాటాకే. పొగమంచుంటే +0.7 పెంచకపోతే బూడిద రంగుకు తిరుగుతుంది. మార్చి చివర నుంచి మే దాకా కెమెరా పక్కన పెట్టినా పోయేదేం లేదు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినే, నీడన్నదే ఉండదు.

మంద_బాట
మధ్యాహ్నం గురించైతే నిజమే గానీ, వేసవిని మొత్తం కొట్టేయొద్దు సార్. కోతలైన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టేది ఆ రోజుల్లోనే. పొద్దు గూకే ముందు అరగంట, మంద మీకూ సూర్యుడికీ మధ్య నడవాలి. 1/500, ఎఫ్/5.6, -1. లేచిన దుమ్ము బంగారంలా అంటుకుని, ప్రతి గొర్రె వీపు మీదా సన్నటి వెలుగు గీత పడుతుంది. దుమ్ములో ఆటోఫోకస్ తడుముకుంటుంది, కాపరి చేతికర్ర మీద లాక్ చేయండి. ముందు ఆయన్ని అడగండి, కుక్కల్ని అదిలించేదీ ఆయనే. అక్కడ లెన్సు మార్చొద్దు.

వేసవిలో 9 దాటాక టెలీ లెన్సులో (మీ 55-250లో) దూరపువి అలలు అలలుగా కనిపిస్తే లెన్సు తప్పు కాదు, వేడిగాలి. ట్రైపాడ్ కూడా ఏం చేయలేదు.

వాన పడ్డాక రేగడి బాటలోకి బైకు దించొద్దు. మడ్గార్డుకూ టైరుకూ మధ్య బంక మట్టి బిగిసి చక్రం తిరగదు. ట్రైపాడ్ కాళ్లు మెల్లగా దిగిపోతుంటాయి, కింద పలక రాళ్లు పెట్టండి. గడ్డిలో బూట్లు తప్పనిసరి, రక్తపింజరి ఉంటుంది.

రోళ్లపాడు అభయారణ్యానికైతే అటవీశాఖ అనుమతి తీసుకుని వెళ్లండి. వానాకాలంలో బాట దిగొద్దు, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలుంటాయి. కృష్ణజింకకు 250 చాలదు, దాన్ని పెద్ద బయలులో చిన్న చుక్కగా పెట్టడమే మేలు. డ్రోన్ ఆలోచనుంటే అక్కడ వద్దు. ఓర్వకల్లులో ఎయిర్‌పోర్టు ఉంది, అటువైపైతే డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే జోన్ మ్యాప్ చూడందే ఎగరేయొద్దు.

కర్నూలు_క్లిక్స్
థాంక్స్ అన్నా. నా రెండు లెన్సులకూ 58 మి.మీ. ఫిల్టరే. ఒక్కో ఫిల్టర్ కొంటే చాలుగా?

రేగడి_చాళ్లు
చాలు. కాకపోతే పాత మోడల్ లెన్సుల్లో ఫోకస్ చేస్తుంటే ముందు భాగం తిరుగుతుంది, ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) లెన్సు అయితే తిరగదు. తిరిగేదైతే ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌లో పెట్టి, ఆ తర్వాతే పోలరైజర్ తిప్పుకోండి.