తోడి గాంధారం: పియానో రోల్‌లో గీయాలా, వీల్‌తో వాయించాలా?

రిషభం72
వీణ శాంపిళ్లతో (రికార్డు చేసి పెట్టిన మీటులతో) కంప్యూటర్‌లో తోడి రాగంలో చిన్న బిట్ ప్రోగ్రామ్ చేయాలి. టెంపో 72. పేచీ అంతా గాంధారం దగ్గరే. దాన్ని కదలకుండా నిలబెడితే తోడి అనిపించదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి. షడ్జమం సీ మీద పెట్టుకుంటే రి డీ ఫ్లాట్, గ ఈ ఫ్లాట్, మ ఎఫ్. ఈ ఊపును పియానో రోల్‌లో (నోట్లు గీసే తెరలో) పిచ్ బెండ్ లేన్ మీద, అంటే స్వరాన్ని పైకీ కిందికీ వంచే గీతగా, మౌస్‌తో గీయడం మేలా, కీబోర్డు మీది పిచ్ వీల్‌తో వాయించి రికార్డు చేయడం మేలా? కారణాలతో చెప్పండి. "చెవికి బాగుంటే చాలు" అనే జవాబు మాత్రం వద్దు.

ఎడమచెయ్యి
వీల్. ఇందులో రెండో మాట లేదు. కీబోర్డు సత్యనారాయణన్ గారు దాంతో కర్ణాటక కచేరీలే చేస్తున్నారు కదా. గమకంలో, అంటే స్వరాన్ని ఊపడంలో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది అన్నది సగం సంగతే. ఎక్కడ ఎంతసేపు నిలిచింది, ఏ వైపు జోరుగా జారింది అన్నది మిగతా సగం. అది చేతికి వస్తుంది, మౌస్‌కు రాదు. గీసేవాళ్లలో చాలామంది సైన్ వేవ్ గీసి వదిలేస్తారు. అది వైబ్రాటో అవుతుంది గానీ కంపితం అనే గమకం కాదు.

ఒక కిటుకు: బెండ్ రేంజ్ (వీల్ స్వరాన్ని ఎంత దూరం వంచగలదో ఆ హద్దు) ±2 సెమీటోన్లు పెట్టి ఈ ఫ్లాట్ నొక్కండి. వీల్ పూర్తిగా పైకి తోస్తే మధ్యమం, పూర్తిగా కిందికి లాగితే రిషభం. అడ్డం తగిలిన చోటే స్వరం ఉంటుంది కాబట్టి స్థానం తప్పదు.

గ్రిడ్‌గణపతి
కిటుకు మంచిదే, కానీ గాంధారం వరకే. ప నుంచి పై సకు జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) వేయాలంటే 5 సెమీటోన్లు, స నుంచి ప కు 7. రేంజ్ ±12 చేయక తప్పదు. అప్పుడు మీ వీల్ బండారం బయటపడుతుంది. మిడి (వాయిద్యాలకు నోట్లను అంకెలుగా పంపే పద్ధతి)లో పిచ్ బెండ్ 14 బిట్లు, అంటే −8192 నుంచి +8191 దాకా. కానీ చవక కీబోర్డుల్లో చాలావాటి వీల్ పంపేది మొత్తం 128 మెట్లే, ఒక్కో వైపుకు 64. ±2 రేంజ్‌లో మెట్టుకు 3 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు), ఎవరికీ తెలియదు. ±12లో దాదాపు 19 సెంట్లు, జారు కాస్తా మెట్లు దిగినట్టు వినిపిస్తుంది. మీది ఏ రకమో చూడాలంటే వీల్‌ను మెల్లగా తిప్పుతూ రికార్డు చేసి ఈవెంట్ లిస్ట్ తెరవండి. విలువలు 128 చొప్పున ఎగురుతుంటే 7 బిట్ వీల్ అన్నట్టే.

గీసేటప్పుడు లెక్క ఇది. ±12లో ఒక సెమీటోన్ సుమారు 683. గ నోటు మీద ఉంటే రి −1365, మ +1365. బీటుకు 960 టిక్కులు అనుకుంటే రెండు బీట్ల గాంధారానికి నేను వేసే చుక్కలు: 0 దగ్గర −1365, 150 దాకా అక్కడే. 330కి +1250, 430 దాకా నిలుపు. 600కి −1250, ఇక్కడ ఆగకూడదు. 760కి +1365, 900 దాకా నిలుపు. 1060కి −1100, మళ్లీ పైకి. చుక్కల మధ్య బెజియే (నున్నటి) వంపు. పై అంచున నిలుపు, కింద తాకి వచ్చేయడం, ఏ రెండు ఊపులూ ఒకే ఎత్తుకు పోకపోవడం, చూసుకోవాల్సింది ఈ మూడే.

కొత్తకీబోర్డు
అన్నా, నాకు బెండ్ వేస్తే వెనకాల తంబూరా కూడా ఊగుతోంది. ఇంకోటి, ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో స్లైడ్ నోట్లు (స్వరాన్ని తమంతట తామే జార్చేవి) వాడితే ఈ గొడవంతా ఉండదు కదా?

గ్రిడ్‌గణపతి
తమ్ముడూ, పిచ్ బెండ్ నోటుకు కాదు, ఛానల్ మొత్తానికి పడుతుంది. తంబూరాను వేరే ట్రాక్‌లో, వేరే ఛానల్‌లో పెట్టు. నోటుకో ఛానల్ ఇచ్చే ఎంపీఈ 2018లో ప్రమాణంగా వచ్చింది, అందులో నోటు బెండ్ రేంజ్ మామూలుగా ±48. ఒంటి తీగ మీద నడిచే వరసకు అంత హంగామా అక్కర్లేదు. స్లైడ్ నోట్లు ఎఫ్‌ఎల్ సొంత వాయిద్యాలకే పనిచేస్తాయి. బయటి వీఎస్‌టీ (వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్ వాయిద్యం) వేస్తే పలకవు.

వీణమైనం
ఇద్దరూ పునాది నోటు దగ్గరే తప్పారు. వీణ మీద తీగను పక్కకు లాగితే స్వరం పైకే పోతుంది, మెట్టు (ఫ్రెట్) కింది స్వరానికి దిగదు. కాబట్టి తోడి గాంధారాన్ని లాగి పలికించేటప్పుడు వేలు రిషభం మెట్టు మీద ఉంటుంది, లాగుడు మధ్యమం దాకా, 4 సెమీటోన్లు. నోటు డీ ఫ్లాట్ వేయాలి, బెండ్ సున్నా నుంచి పైకి మాత్రమే. గణపతి గారి అంకెలన్నిటికీ 1365 కలిపి, నోటును రెండు సెమీటోన్లు దించండి, సరిపోతుంది. ఈ ఫ్లాట్ శాంపిల్‌ను కిందికి వంచితే మీటు చప్పుడు కూడా వదులుగా, లావుగా దిగిపోతుంది. విన్నవాడికి కారణం తెలియకపోయినా వీణ కాదని తెలిసిపోతుంది.

మీటు ఒక్కటే, ఊపులు అనేకం. ప్రతి ఊపుకూ కొత్త నోటు వేయకండి. నాదం ఆరిపోతుంటే రెండో బీటు మీద తక్కువ వెలాసిటీతో (మీటు బలంతో), 45–50లో, ఇంకో మీటు చాలు.

జారు సంగతి వేరు. అక్కడ వేలు మెట్ల మీదుగా జరుగుతుంది. నున్నటి గీత గీస్తే అది మెట్లు లేని గోటువాద్యం అవుతుంది. ప్రతి 683 దగ్గరా చిన్న ఆగుడు, 10–15 మిల్లీసెకన్లు, పెట్టి చూడండి. వయొలిన్‌కూ నాదస్వరానికీ ఇవేవీ వర్తించవు, అక్కడ గ మీదే నోటు పెట్టి రెండు వైపులా వంచుకోవచ్చు.

ఎడమచెయ్యి
వీణమైనం గారూ, మీరు నా వాదానికే బలం ఇచ్చారు. డీ ఫ్లాట్ నొక్కి, రేంజ్ 4 పెడితే వీల్ పై అడ్డం మధ్యమం, వదిలేస్తే స్ప్రింగ్ తెచ్చి నిలిపేది రిషభం. తీగ చేసే పనీ అదే.

గ్రిడ్‌గణపతి
రికార్డు చేశాక ఏం చేస్తారు? దర్శకుడు టెంపో 72 నుంచి 90 చేయమంటాడు. బెండ్ చుక్కలు టిక్కులకు కట్టి ఉంటాయి కాబట్టి కంపితం కూడా 25 శాతం వేగం పుంజుకుని గింగిరాలు తిరుగుతుంది. నడక వేగం పెరిగితే వైణికులు ఊపుల వేగం పెంచరు, సంఖ్య తగ్గిస్తారు. నా ఏడెనిమిది చుక్కల్లో ఒక ఊపు తీసేయడం అర నిమిషం పని. మీ రికార్డింగ్‌లో వందల చుక్కలు. పైగా నోట్లను క్వాంటైజ్ చేస్తే (గ్రిడ్‌కు సర్దితే) బెండ్ ఉన్నచోటే ఉండిపోయి, మీటుకు ముందే స్వరం ఎక్కేస్తుంది. క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో సెలెక్ట్ కంట్రోలర్స్ ఆన్ చేసి జరిపితే కలిసి జరుగుతాయి, క్వాంటైజ్‌కు మాత్రం దాని ప్యానెల్‌లో కంట్రోలర్లను కూడా జరిపే సెట్టింగ్ వేరేగా ఆన్ చేసుకోవాలి.

శ్రుతిపెట్టె
మూడో దారి ఎవరూ అనలేదు. పాడించండి. క్యూబేస్‌లోని వేరీఆడియో అనే సాధనంలో గాత్రం నుంచి మిడి తీసేటప్పుడు నోట్లతో పాటు నిరంతర పిచ్ బెండ్‌నూ తీయమని అడగవచ్చు. అక్కడ ఇచ్చిన బెండ్ రేంజ్, వాయిద్యంలో ఉన్న రేంజ్ ఒకటే కావాలి, లేకపోతే రాగమే మారిపోతుంది. స్వరాలు పలకకుండా అకారంతో పాడించాలి, హల్లు వచ్చిన ప్రతిచోటా వక్రరేఖ ఎగిరిపడుతుంది. క్యూబేస్ లేనివాళ్లు సోనిక్ విజువలైజర్ అనే ప్రోగ్రాంలో పీయిన్ (స్వరం ఎత్తును పట్టే) ప్లగిన్‌తో వక్రరేఖ చూసి, దాన్ని పక్కన పెట్టుకుని గీసుకోవచ్చు. అసలు గాంధారం దగ్గర గొంతు ఎంత తక్కువసేపు ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

వీణమైనం
గాత్రంలోని ఊపూ వీణ లాగుడూ ఒకటి కాదు. ఆకారం వరకు తీసుకోండి, అంకెలు యథాతథంగా కాదు.

రిషభం72
సరే. ఊపులు రేంజ్ 4తో వీల్ మీద, జారులు రేంజ్ 12తో గీసి చేద్దామనుకుంటున్నా. ఒకే ట్రాక్‌లో రెండు రేంజ్‌లు కుదురుతాయా?

గ్రిడ్‌గణపతి
మధ్యలో ఆర్‌పీఎన్ (వాయిద్యం సెట్టింగ్ మార్చే మిడి సందేశం) పంపి మార్చవచ్చు: సీసీ (కంట్రోలర్ నంబరు) 101 సున్నా, సీసీ 100 సున్నా, సీసీ 6కు 12, ఆ తర్వాత 101, 100 రెండిటికీ 127. కానీ చాలా శాంపిల్ ప్లేయర్లు దీన్ని పట్టించుకోవు. తేలిక దారి: రేంజ్ 4లో వాయించిన విలువలన్నిటినీ మూడో వంతుకు తగ్గించండి. 8191 కాస్తా 2730 అవుతుంది, అదే ±12లో 4 సెమీటోన్లు. అప్పుడు వాయిద్యంలో రేంజ్ 12 చేయండి. 7 బిట్ వీల్ అయితే తగ్గించినా మెట్లు పోవు, మెట్టుకు 6 సెంట్లు అలాగే ఉంటాయి. చుక్కలు పలచన చేసి వంపులుగా మార్చుకోవాలి. అంత చేశాక మిగిలేది మళ్లీ నా ఏడెనిమిది చుక్కలే, అది వేరే విషయం.

ఎడమచెయ్యి
మిగిలినా, ఆ చుక్కలు ఎక్కడ పడాలో చెప్పింది చెయ్యి.

వీణమైనం
ఏ దారైనా ఇది చూసుకోండి. బెండ్‌ను సున్నాకు తెచ్చే చుక్కను నోటు ముగిసే చోట పెట్టకండి, తోక ఇంకా మోగుతుండగానే స్వరం కిందికి జారిపోతుంది. తర్వాతి మీటుకు ఒకటి రెండు టిక్కుల ముందు పెట్టండి, వాయిద్యాన్ని మోనోలో (ఒకసారికి ఒకే నోటు పలికేలా) ఉంచండి.