నాన్న వీలునామా రాస్తానంటున్నారు: ఇల్లు, పొలం, వెంటిలేటర్ గురించి మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_అబ్బాయి
నాన్నగారికి 76 ఏళ్ళు, అమ్మకు 70. తెనాలిలో ఇల్లు నాన్నగారి స్వార్జితం. ఊళ్ళో రెండెకరాల పొలం తాతగారి నుంచి వచ్చింది. ఇవి కాక బ్యాంకు డిపాజిట్లు ఉన్నాయి. నేను హైదరాబాదులో, చెల్లెలు డల్లాస్‌లో ఉంటున్నాం. "నా తర్వాత మీరిద్దరూ ఆఫీసుల చుట్టూ తిరగకూడదు, కాగితం రాసేస్తాను" అని ఆయనే అన్నారు. ఆశ లేదని డాక్టర్లు తేల్చాక తనను యంత్రాల మీద ఉంచవద్దని కూడా రాసిపెడతారట. అమ్మ ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతోంది. ఈ దారిలో నడిచినవారు చెప్పండి.

దస్తావేజుల_రావు
ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. మీ నాన్నగారి వంటివారు చాలా అరుదు, వెంటనే కూర్చోబెట్టండి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆయన సంతకం చేయడం ఆ ఇద్దరూ చూడాలి, ఆయన ఎదుట వారు సంతకం పెట్టాలి. ఆస్తి వచ్చేవారిని సాక్షులుగా పెట్టవద్దు. ఆయనకంటే పెద్దవాళ్ళను అసలే వద్దు. రేపు కోర్టులో ఆ సంతకాన్ని నిరూపించాల్సి వస్తే సాక్షి బతికి ఉండాలి కదా. సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దులు పాసు పుస్తకంలోనూ దస్తావేజులోనూ ఉన్నట్టే దించండి. "నా పొలమంతా" అని రాసిన వీలునామాల వల్ల అన్నదమ్ములు విడిపోవడం కళ్ళారా చూశాను.

కృష్ణాతీరం
రిజిస్టర్ చేయిస్తే ఇక ఎవరూ కోర్టుకు వెళ్ళలేరు కదండీ? ఇన్ని జాగ్రత్తలు ఎందుకు?

వకీలమ్మ
వెళ్ళగలరండీ. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. చేయిస్తే అసలు పోయినా నకలు దొరుకుతుంది, కాగితం ఎప్పటిదో తెలుస్తుంది. కానీ రిజిస్టరైన వీలునామానైనా కోర్టులో రుజువు చేయాలంటే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. అందుకే రావుగారు సాక్షుల గురించి అంతగా చెప్పారు. వయసు పైబడినవారైతే, ఆరోగ్యంగా, తెలివితో ఉన్నారని అదే రోజు డాక్టరు చేత రాయించుకోండి. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే కారణం ఒక్క వాక్యంలో రాయాలి. మౌనంగా వదిలేసిన చోటే అనుమానం పుడుతుంది.

పొలం సంగతి జాగ్రత్తగా చూడాలి. తాతగారు తన సొంత భూమిని వదిలి 1956 తర్వాత పోయి ఉంటే, నాన్నగారి వాటాకు వచ్చింది సాధారణంగా ఆయన సొంతమే. ఉమ్మడి ఆస్తిని పంచుకోగా వచ్చినదైతే అందులో మీకూ మీ చెల్లెలికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది, ఆయన తన వాటా వరకే రాయగలరు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు ఈ హక్కు 1985లోనే వచ్చింది. దేశమంతటా, పెళ్ళితో నిమిత్తం లేకుండా, 2005 సవరణతో వచ్చింది. పాత పంపకం కాగితాలు వెతకండి. నేను చెప్పినదంతా హిందూ వారసత్వ చట్టం కింద. ముస్లిం కుటుంబాల్లో, వారసులు ఒప్పుకోకపోతే, వీలునామా మూడో వంతుకు మించి చెల్లదు.

నిడదవోలు_ఆడపడుచు
డిపాజిట్లకు నామినీ ఉన్నారు కాబట్టి నిశ్చింత అనుకోవద్దండీ. మా నాన్నగారి డిపాజిట్లకు బాబాయి నామినీ. నాన్న పోయాక డబ్బు బాబాయి ఖాతాలో పడింది, "నా పేరే కదా ఉంది" అన్నారు. నామినీ డబ్బు అందుకుని వారసులకు అప్పగించాల్సిన వ్యక్తి మాత్రమే. షేర్ల విషయంలో కూడా అంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టవచ్చు. నామినీ పేరూ వీలునామాలో పేరూ ఒకటే అయితే ఈ గొడవే రాదు.

ఇంకో మాట, ఆడవాళ్ళకు. మా పిన్ని ఉపాధ్యాయురాలు. భర్త పోయారు, పిల్లలు లేరు. తన జీతంతో కొనుక్కున్న ఫ్లాటు, ఆమె పోయాక, చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్న తోబుట్టువులకు కాకుండా భర్త అన్నగారి పిల్లలకు వెళ్ళింది. వీలునామా రాయని హిందూ స్త్రీకి పిల్లలూ భర్తా లేకపోతే చట్టం భర్త వారసులనే ముందు చూస్తుంది, స్వార్జితమైనా సరే. సంపాదించే ప్రతి అక్కా, చెల్లీ దయచేసి రాయండి. మగవారు రాయకుండా పోయినా భార్యాబిడ్డలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది, తండ్రికి ఉండదు. చాలామందికి ఇది గొడవ మొదలయ్యాకే తెలుస్తోంది.

పెదవాల్తేరు_డాక్టర్
నేను ఐసీయూలో పనిచేస్తాను. వెంటిలేటర్ మాట గురించి చెబుతాను. దీన్ని ముందస్తు వైద్య నిర్దేశం అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, అందువల్ల దాదాపు ఎవరూ చేయలేకపోయారు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున చెప్పడానికి ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. మీరు, అమ్మగారు ఇద్దరూ ఉంటే మంచిది. ఒక ప్రతి కుటుంబ వైద్యుడికి, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీలో అందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి.

అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. కాగితం ఉంది కదా అని ఆసుపత్రి వెంటనే గొట్టాలు తీసేయదు. కోలుకునే ఆశ లేని స్థితిలోనే అది లెక్కలోకి వస్తుంది. చికిత్స చేసే డాక్టరు, కనీసం అయిదేళ్ళ అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూస్తారు. దానిపై రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉంటారు. వైద్యం మానడానికి ముందు మేజిస్ట్రేట్‌కు తెలపాలి. నొప్పి తగ్గించే మందులు, శుభ్రత, పక్కన మనిషి, ఇవేవీ ఆగవు. చిన్న గుండెపోటుతో వచ్చిన మనిషికి ఇది వర్తించదు.

నేను రోజూ చూసేది వేరు. కొడుకు ఆపమంటాడు, కూతురు ఆపవద్దంటుంది, ఇద్దరూ తండ్రిని ప్రేమిస్తున్నవారే. ఆయన మనసులో మాట తెలియక ఇద్దరూ జీవితాంతం బాధపడతారు. మీ నాన్నగారు ఆ భారం మీ మీద పెట్టకూడదనుకుంటున్నారు. అమ్మగారికి ఈ కోణం నుంచి చెప్పి చూడండి.

బాబు_వాళ్ళ_నాన్న
మా అబ్బాయికి ఆటిజం, ఇప్పుడు 19. మాకు వీలునామా ఒక్కటే సరిపోదు. ఇల్లు వాడి పేర రాస్తే దాన్ని ఎవరు చూస్తారు? అందుకని ప్రైవేటు ట్రస్టు పెట్టాం. 1882 నాటి ట్రస్టుల చట్టం కింద, ఇల్లు కూడా అందులో ఉంది కాబట్టి రిజిస్టర్ చేయించాం. మా తమ్ముడు, స్నేహితుడొకరు మా తర్వాత ట్రస్టీలు. ఒక్కరినే పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఖర్చు వాడి అవసరాన్ని బట్టి ట్రస్టీలు నిర్ణయిస్తారు, ఆస్తి అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులం కూడా చట్టప్రకారం సంరక్షకులం కామని చాలామందికి తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి ఆ హోదా తెచ్చుకున్నాం. వీటితో పాటు నా భార్య ఒక పుస్తకం రాస్తోంది: వాడు ఏం తింటాడు, ఏ శబ్దానికి భయపడతాడు, ఏ మందు పడదు, నిద్రపోయే ముందు ఏ పాట కావాలి. తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఒక విన్నపం: ప్రేమతో వాడి పేర నేరుగా రాయకండి, ట్రస్టు పేర రాయండి.

డల్లాస్_శ్రీను
మీ చెల్లెలు ఇక్కడ అమెరికాలో వీలునామా రాస్తే ఒక్క వాక్యం చూసుకోమనండి. ఇక్కడి నమూనాల్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని మొదట్లోనే ఉంటుంది. ఇండియా ఆస్తికి తను వేరే వీలునామా రాసుకుంటే అదీ కొట్టుకుపోతుంది. ఏ దేశపు ఆస్తికి ఏది వర్తిస్తుందో రెండింట్లోనూ రాయాలి. తనకు చిన్న పిల్లలుంటే వాళ్ళ సంరక్షకులెవరో ఇక్కడి వీలునామాలో తప్పక ఉండాలి.

నాన్నగారు జీపీఏ (తన తరఫున పనులు చేయడానికి ఇచ్చే అధికారపత్రం) ఇచ్చారు కదా, చాలదా అని కొందరు అడుగుతారు. మనిషి పోతే జీపీఏ కూడా పోతుంది. మతి తప్పినా భారత చట్టంలో అది నిలవదు. మా అత్తగారికి మతిమరుపు ముదిరాక హైకోర్టు ద్వారా సంరక్షణ హక్కు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆమె తెలివిగా ఉన్నప్పుడే ఖాతాలు జాయింటుగా మార్చుకుని ఉంటే వైద్యానికి డబ్బు ఆగేది కాదు.

తెనాలి_అబ్బాయి
అందరికీ నమస్కారాలు. డాక్టరుగారి మాటలు అమ్మకు చదివి వినిపించాను. ఈసారి లేచి వెళ్ళలేదు. "నా పేరు కూడా అందులో రాయమను" అంది. బంధువొకాయన మాత్రం వీలునామా ఎందుకు, ఇప్పుడే సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దస్తావేజు) రాసిచ్చేయమంటున్నారు. అమ్మానాన్న కలిసి ఒకే వీలునామా రాయవచ్చా అని కూడా నాన్న అడుగుతున్నారు.

వకీలమ్మ
సెటిల్‌మెంట్ రిజిస్టరైతే ఇల్లు ఇవాళే చేతులు మారుతుంది. వీలునామానైతే ఆయన బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. బంధువుల మాట మీద తొందరపడవద్దు. ఇవ్వాలనే అనుకుంటే, తమను పోషించాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయించుకోవడానికి ఆ షరతే ఆధారం. ఇద్దరూ ఒకే కాగితం మీద రాస్తే, ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అన్న తగాదా వస్తుంది. విడివిడిగా రెండు రాయించండి. జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు అమ్మగారికి ఉందని నాన్నగారి దాంట్లో రాయండి. అసలును సీల్డు కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచుకోవచ్చు. అది ఎక్కడ ఉందో మీ చెల్లెలికి కూడా ఇప్పుడే చెప్పండి.