ఐడీ, పాస్‌కోడ్ ఇచ్చారు, లింకు పనిచేయదు: జూమ్ సభలో చేరేదెలా?

దత్తపది_మాస్టారు
ఆదివారం సాయంత్రం ఏడింటికి జూమ్‌లో అష్టావధానం ఉంది. ఇచ్చిన పదాలతో అవధాని పద్యం చెప్పవలసిన దత్తపది అంశానికి పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్న ఇచ్చేవాడిగా, నన్ను పిలిచారు. ఇవ్వవలసిన పదాలు నాలుగూ సిద్ధంగానే ఉన్నాయి, సభలోకి వెళ్లే దారే తెలియడం లేదు. నిర్వాహకులు వాట్సాప్‌లో పంపింది ఆహ్వానపత్రిక బొమ్మ ఒక్కటే. అడుగున పదకొండు అంకెల మీటింగ్ ఐడీ, ఆరక్షరాల పాస్‌కోడ్ వేశారు. లింకు కూడా వేశారు గానీ బొమ్మ మీద ఎంత నొక్కితే మాత్రం ఏం తెరుచుకుంటుంది? నిన్న సరిచూసుకోవడానికి నిర్వాహకులు ఒక మీటింగ్ పెడితే నాకు పాస్‌కోడ్ తప్పని వచ్చింది.

మూడు సంగతులు తెలియాలి. ఐడీలో అంకెల మధ్య ఖాళీలు ఇవ్వాలా? కంప్యూటర్‌లో యాప్ పెట్టుకోకుండా చేరవచ్చా? ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకేసారి ఉండవచ్చా? పెద్ద తెర మీద అవధానిగారిని చూస్తూ ఫోనులో మాట్లాడదామని నా ఆలోచన. నిర్వాహకులను అడిగితే "అందరూ వచ్చేస్తున్నారు కదా మాస్టారూ" అంటున్నారు.

కృష్ణలంక
ముందు ఆ పత్రికలు గీసేవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలండీ. మా బంధువుల సీమంతం పత్రికలో పాస్‌కోడ్‌ను నెమలి తోక మీద రాశారు, అదీ బంగారు రంగులో. పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె మూడూ ఒకే నిలువు గీత. ఓ అక్షరానికీ సున్నాకూ తేడా ఆ గీసినవాడికే తెలియాలి. జూమ్ పాస్‌కోడ్‌లో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. మీది తప్పనడానికి కారణం నూటికి తొంభై పాళ్లు అదే అయి ఉంటుంది. టైపు చేసి పంపమని పట్టుబట్టండి. అచ్చంగా అంకెలతో పాస్‌కోడ్ పెట్టుకునే వీలుండగా ఈ గిలుకుల అక్షరాలు ఎందుకో!

డాలస్_మామయ్య
పాస్‌కోడ్ సంగతి తర్వాత చూద్దాం. ఏడింటికి అంటే ఎక్కడి ఏడు? ఏ పత్రిక చూసినా ఇదే వరస. ఇండియాలో సాయంత్రం ఏడంటే మాకు చలికాలంలో ఉదయం ఏడున్నర, మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరిపాక ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. ఉగాది కవి సమ్మేళనాలన్నీ సరిగ్గా ఈ మార్పు తర్వాతే వస్తాయి. పత్రికలు మాత్రం సంక్రాంతి నాటి లెక్కతోనే వేస్తారు. ఉదయాన్నే స్నానం చేసి పట్టుపంచె కట్టుకుని గంటసేపు ఖాళీ తెరను చూసినవాణ్ని కాబట్టి అడుగుతున్నాను.

నెట్_నాయుడు
ఇక్కడ అసలు విషయం ఎవరికీ తెలిసినట్టు లేదు. నెట్‌వర్కుల పనిలో జుట్టు నెరిసినవాణ్ని, చెబుతాను వినండి. జూమ్ లింకులో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత వచ్చే పొడుగాటి అక్షరాల వరసలోనే పాస్‌కోడ్ గుప్తంగా ఇమిడి ఉంటుంది. అందుకే పూర్తి లింకు నొక్కినవాళ్లను పాస్‌కోడ్ అడగదు. పత్రిక వేసేవాళ్లు చూడటానికి బాగుండదని ఆ తోక కత్తిరించి పైభాగమే వేస్తారు. అప్పుడు తప్పనిసరిగా అడుగుతుంది. మాస్టారి సమస్య ఇంతే.

నా సలహా అడిగితే పాస్‌కోడ్ ఎత్తేయమంటాను. పదకొండు అంకెల ఐడీని గుడ్డిగా ఎవడు ఊహిస్తాడు? పద్యాలు వినడానికి దొంగలు వస్తారా?

వనజ_సభానిర్వాహకి
నాయుడు గారూ, వస్తారు. వచ్చారు కూడా. 2020 లాక్‌డౌన్‌లో మా మహిళా కవి సమ్మేళనం మధ్యలోకి ఎవరో చొరబడి తెర మీద ఏం చూపించారో ఇక్కడ రాయలేను. అప్పుడు పద్యం చదువుతున్నది డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. ఆమె మళ్లీ ఏ ఆన్‌లైన్ సభకూ రాలేదు. మీరు జుట్టు నెరిపించుకున్న రంగంలోనే చెక్ పాయింట్ అనే సంస్థ పరిశోధకులు యాదృచ్ఛికంగా ఐడీలు తయారు చేసి చూస్తే అందులో నాలుగు శాతం దాకా నిజమైన మీటింగులకు తగిలాయి. 2020 జనవరిలో వాళ్లే బయటపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన కేంద్ర హోంశాఖ కూడా హెచ్చరిక ఇచ్చింది. ప్రతి మీటింగుకూ కొత్త ఐడీ, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలని, నిర్వాహకుడు రమ్మనేదాకా వచ్చినవాళ్లను బయటే ఆపే వెయిటింగ్ రూమ్ వాడాలని, అందరూ వచ్చాక మీటింగుకు తాళం వేయాలని అందులో ఉంది. తెలియనిది ఎవరికండీ?

నెట్_నాయుడు
వనజ గారూ, ఆ లోపం చెక్ పాయింట్ వాళ్లు చెప్పాక జూమ్ సరిచేసింది. సగం కథ చెప్పి భయపెట్టకండి. మీ పాస్‌కోడ్ గొప్పతనం సరే, ఐడీనీ పాస్‌కోడ్‌నూ ఒకే బొమ్మ మీద వేసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నది ఎవరు? ఇంటికి తాళం వేసి చెవిని గడపకు వేలాడదీసి, పైగా తాళం మంచిదని చెప్పుకున్నట్టుంది. నా ప్రశ్నకు జవాబివ్వండి.

వనజ_సభానిర్వాహకి
ఇస్తాను. అందరికీ తెలియాలి కాబట్టి పత్రిక బయట పెడతాం. తెలిసినవాళ్లనే లోపలికి రానివ్వాలి కాబట్టి వెయిటింగ్ రూమ్ పెడతాం. మీరు ఎత్తేయమన్నా జూమ్ ఊరుకోదు. పాస్‌కోడో వెయిటింగ్ రూమో ఏదో ఒకటి ఉండి తీరాలని 2020లోనే నిబంధన పెట్టింది. సభ నడపడమంటే ఒక మూల కూర్చుని వ్యాఖ్య రాయడం కాదు.

విశ్రాంత_తహసీల్దారు
వెయిటింగ్ రూమ్ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. ఐడీ కొట్టాను, పాస్‌కోడ్ కొట్టాను, రెండూ సరిపోయాయి. ఆ తర్వాత "నిర్వాహకులు మిమ్మల్ని అనుమతిస్తారు, వేచి ఉండండి" అని తెర మీద ఒక ముక్క. పుస్తకావిష్కరణ సభ అది. మొదటి ప్రతి అందుకోవలసింది నేను. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో జనం నా గది బయట బల్ల మీద కూర్చునేవారు. వాళ్లకైనా గుమాస్తా వచ్చి ఒక మాట చెప్పేవాడు. నాకు ఆ మాత్రం దిక్కు కూడా లేదు. లోపల ప్రార్థనా గీతం అయిపోయింది, స్వాగతోపన్యాసం అయిపోయింది, ప్రతిని వేరొకరు అందుకున్నారు. పిలిచి గుమ్మం బయట నిలబెట్టడం ఏ మర్యాదో వనజమ్మ గారు సెలవివ్వాలి.

వనజ_సభానిర్వాహకి
అయ్యా, ఆ సభ నాది కాదు. కానీ ఒక్కటి అడుగుతాను. తెర మీద మీ పేరు ఏమని కనిపించింది?

విశ్రాంత_తహసీల్దారు
ఫోను మా మనవడిది. వాడి పేరు ఉండి ఉంటుంది.

వరంగల్_కిట్టు
తాతగారూ, కోప్పడకండి, మనవడి పేరు అసలు పేరుగానే ఉందా, "చింటూ గేమింగ్" లాంటిదా?

విశ్రాంత_తహసీల్దారు
చింటూ కాదు, బంటీ. మిగతాది నిజమే. అయితే ఏమిటి?

వనజ_సభానిర్వాహకి
అయితే మీరు అక్కడ ఉన్నారని నిర్వాహకుడికి తెలిసే దారి లేదండీ. వెయిటింగ్ రూమ్‌లో మాకు ముఖాలు కనిపించవు, పేర్లే కనిపిస్తాయి. ఒక్కోసారి శాంసంగ్ అనో ఐఫోన్ అనో పది పేర్లు వరసగా ఉంటాయి. అందులో ఎవరు ముఖ్య అతిథి, ఎవరు పోకిరి? పొరపాటున ఒకణ్ని రానిస్తే ఏమవుతుందో పైన రాశాను.

విశ్రాంత_తహసీల్దారు
అయితే ఫోన్ చేసి కనుక్కోవాలి. పెద్దవాణ్ని పిలిచి రాకపోతే ఆరా తీయరా? ఇది యంత్రం తప్పు కాదమ్మా, మనుషుల తప్పు.

నెట్_నాయుడు
తహసీల్దారు గారి మాటే నా మాట. పాస్‌కోడ్ ఒకటి, వెయిటింగ్ రూమ్ ఒకటి, ఆపైన అడుగడుగునా తాళాలు. వినేవాళ్లు లేక తెలుగు సభలు వెలవెలబోతుంటే వీళ్లు కోట గోడలు కడుతున్నారు.

శ్రుతి_వీణ
మీ తాళాల గొడవ ఎప్పటికి తేలుతుందో. అవధానం అన్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోని ఒక సంగతి చెబుతాను. ఘంటాగణనం, అంటే మధ్య మధ్య మోగే గంటలను అవధాని లెక్కపెట్టడం, ఎలా చేస్తారు? ఈ యాప్‌లన్నిటిలో నేపథ్య శబ్దాలను వడకట్టే అమరిక ఉంటుంది. మాట కానిదంతా దానికి రొదే. నా వీణ పాఠాల్లో తంబురా శ్రుతిని కాసేపటికి అణిచేస్తుంది, పిల్లలకు శ్రుతి వినపడక ఎక్కడో పాడతారు. గంట మోగితే అవధానిగారికి చేరేది సగమే. ఆయన ఆరు అంటారు, మోగించినవారు తొమ్మిది అంటారు, తప్పు అవధాని మీద పడుతుంది. గంట పట్టుకున్నవారు కంప్యూటర్‌లో చేరి, సెట్టింగులలో ఆడియో విభాగానికి వెళ్లి "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అన్నది పెట్టుకోవాలి. ఆ తర్వాత మీటింగులో పైన ఎడమ పక్క బటన్ వస్తుంది, దాన్ని కూడా నొక్కాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు.

కృష్ణలంక
నిషిద్ధాక్షరి మాటేమిటండీ? అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాతి అక్షరాన్ని నిషేధించాలి. మాట చేరడానికి క్షణం ఆలస్యమైతే ఆయన రెండో అక్షరం చెప్పేశాక నిషేధం వస్తుంది. నేను చూసిన ఒక సభలో ఆ పద్యం కంటే "వినపడుతోందా" అన్న మాటే ఎక్కువ సార్లు వినపడింది.

డాలస్_మామయ్య
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

పర్యవేక్షకుడు
అవధానిని పక్కదారి పట్టించే అప్రస్తుత ప్రసంగానికి అవధానంలో పృచ్ఛకులు ఒక్కరే ఉంటారు, ఇక్కడ అందరూ ఆ బాధ్యతే తీసుకున్నారు. వ్యక్తిగత దూషణ ఉన్న రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరివో వారికి తెలుసు. మాస్టారు అడిగినదానికి జవాబులు రాయండి.

నెట్_నాయుడు
నా వ్యాఖ్యలో దూషణ ఎక్కడుందో చూపించాలి. "అజ్ఞానం" తిట్టు కాదు.

వరంగల్_కిట్టు
మాస్టారూ, వరసగా రాస్తాను. ఐడీలో ఖాళీల గురించి దిగులు వద్దు, అంకెలు సరిగా ఉంటే చాలు, చదువుకోవడానికి వీలుగా మూడు, నాలుగు, నాలుగుగా విడగొట్టి చూపిస్తారంతే. పాస్‌కోడ్ మాత్రం ఉన్నదున్నట్టు కొట్టాలి. వాట్సాప్‌లో వచ్చినదైతే ఇంకో తిరకాసు ఉంది. జూమ్ పాస్‌కోడ్‌లో నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు. పాస్‌కోడ్‌కు ముందొకటి, వెనకొకటి నక్షత్రం ఉంటే వాట్సాప్ వాటిని దాచేసి మధ్య అక్షరాలను లావుగా చూపిస్తుంది. మీకు లావు అక్షరాలు కనిపిస్తే ఆ అనుమానం పెట్టుకోండి.

యాప్ లేకపోయినా చేరవచ్చు. బ్రౌజర్‌లో జూమ్ వెబ్‌సైట్ తెరిచి జాయిన్ నొక్కి ఐడీ కొట్టండి. యాప్ దించుకోమని తొందర చేస్తుంది, కంగారు పడకండి. ఆ పేజీ అడుగున బ్రౌజర్ నుంచే చేరే లింకు చిన్న అక్షరాలతో ఉంటుంది. అక్కడ పాస్‌కోడ్, మీ పేరు అడుగుతుంది.

ఫోనూ కంప్యూటరూ రెండూ పెట్టుకోవచ్చు గానీ ధ్వని ఒకదాంట్లోనే ఉండాలి. కంప్యూటర్‌లో చేరేటప్పుడు ఆడియో కలపమని అడిగితే కలపకుండా వదిలేయండి. రెండూ పక్కపక్కన మోగితే సభంతా కీచుమంటుంది. రెండింటి పేర్లూ వేరుగా పెట్టండి, లేకపోతే ఒకే మనిషి ఇద్దరేమిటని వెయిటింగ్ రూమ్‌లో ఆపుతారు.

దత్తపది_మాస్టారు
చాలా సంతోషం నాయనా. పాస్‌కోడ్ టైపు చేసి పంపమని నిర్వాహకులను ఒత్తిడి చేస్తే పంపారు. పత్రికలో ఉన్నదానికీ దీనికీ పోలికే లేదు. పోయిన నెల సభ పత్రిక మీద తేదీ మార్చి, పాస్‌కోడ్ మార్చడం మరిచిపోయారట. మరి "అందరూ వచ్చేస్తున్నారు" అన్న ఆ అందరూ ఎటు పోతున్నారో!

వనజ_సభానిర్వాహకి
ఐడీ అయినా కొత్తదేనా మాస్టారూ? కొందరు తమ సొంత ఐడీనే అన్నిటికీ వాడుతుంటారు, అది సభసభకూ మారదు. ఒకసారి తెలిసినవాళ్లు ఎప్పుడైనా వచ్చి తలుపు కొట్టవచ్చు. ఇంకొకటి కూడా కనుక్కోండి, వాళ్లది ఉచిత ఖాతానా, డబ్బు కట్టినదా? ఉచితమైతే నలభై నిమిషాలకు మీటింగ్ ఆగిపోతుంది. మళ్లీ అందరూ ఐడీ, పాస్‌కోడ్ కొట్టుకుని రావాలి.

దత్తపది_మాస్టారు
అడిగాను. ఉచితమేనట. అవధానం రెండున్నర గంటలు.

కృష్ణలంక
అంటే చివర పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణకు వచ్చేసరికి ఎంతమంది మిగులుతారు?

నెట్_నాయుడు
గూగుల్ మీట్‌లో పెట్టమనండి, పాస్‌కోడ్ బెడద లేదు. పది అక్షరాల కోడ్ ఒక్కటే.

శ్రుతి_వీణ
అక్కడా ఉచిత ఖాతాతో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే అరవై నిమిషాలే నాయుడు గారూ.

వనజ_సభానిర్వాహకి
మాస్టారూ, మా సంఘానికి డబ్బు కట్టిన జూమ్ ఖాతా ఉంది, ఆదివారం ఖాళీయే. మీ నిర్వాహకులను నాకు సందేశం పంపమనండి, కొత్త ఐడీ ఇస్తాను. పాస్‌కోడ్ అంకెల్లోనే పెడతాను. వెయిటింగ్ రూమ్ మాత్రం ఉంటుంది, నాయుడు గారు ఏమన్నా సరే. పత్రికలో భారత కాలమానంతో పాటు డాలస్ సమయం కూడా వేయించండి, ఆయన ఇందాకటి నుంచీ అడుగుతున్నారు.

విశ్రాంత_తహసీల్దారు
అవధానం వినడానికి నేనూ వస్తాను. ఫోనులో బంటీ పేరు తీసి నా పేరు పెట్టడం ఎక్కడ?

వరంగల్_కిట్టు
చేరే ముందు ఐడీ కొట్టే చోటే పేరు గడి కూడా ఉంటుంది తాతగారూ, అక్కడే మార్చండి. లోపలికి వెళ్లాక అయితే పార్టిసిపెంట్స్ నొక్కి, మీ పేరు మీద నొక్కితే రీనేమ్ వస్తుంది. హోస్ట్ దాన్ని ఆపేసి ఉంటే రాదు, అందుకని ముందే మార్చుకోవడం మేలు.